పుప్పొడి అలర్జీకి ఇంటి వైద్యం: ఏడు సీజన్లు వాడి చూశాక

నాకు పుప్పొడి అలర్జీ మొదలై తొమ్మిదేళ్లు. పొద్దున మంచం దిగకముందే వరసగా పది పన్నెండు తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు, కళ్ల దురద, అంగిట్లో వేలు పెట్టి గోక్కోవాలనిపించేంత దురద. ఇది జలుబు కాదని తెలుసుకోవడానికే రెండు సీజన్లు పట్టింది. జ్వరం ఉండదు, ముక్కు పల్చగా నీళ్లలా కారుతూనే ఉంటుంది, వారంలో పోవాల్సింది ఆరు వారాలైనా పోదు. అప్పట్లో వాడిన మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా మగతగా ఉండేది, పనిలో కూర్చోలేకపోయేదాన్ని. అందుకే ఇంటి వైద్యం మొదలుపెట్టాను.

రోజూ పొద్దున ఎన్ని తుమ్ములు వచ్చాయో, రాత్రి ముక్కు మూసుకుపోయి ఎన్నిసార్లు లేచానో క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసుకునేదాన్ని. ఇది ఎందుకు చెబుతున్నానంటే, గాలిలో పుప్పొడి తగ్గగానే ఈ అలర్జీ దానంతట అదే తగ్గిపోతుంది, ఆ వారం మనం ఏ కషాయం తాగుతూ ఉంటే పేరు దానికొస్తుంది. మొదటి ఏడాది తులసి, అల్లం, మిరియాల కషాయం సీజన్ చివర్లో మొదలుపెట్టి, వారంలో తగ్గిపోయిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. మరుసటి ఏడాది మొదటి రోజు నుంచే తాగాను. తుమ్ముల లెక్క ఏమీ మారలేదు. గొంతుకు మాత్రం నిజంగా హాయిగా ఉంటుంది, ఇప్పటికీ తాగుతాను, కానీ గొంతు కోసమే.

తేనె గురించి అందరూ చెప్పేదే నాకూ చెప్పారు: చుట్టుపక్కల పట్టిన పచ్చి తేనె రోజూ చెంచాడు తింటే ఒళ్లు పుప్పొడికి అలవాటు పడుతుందని. ఒక సీజన్ మొత్తం తిన్నాను, తేడా లేదు. తర్వాత అర్థమైంది, తేనెటీగలు తెచ్చేది రంగురంగుల పూల మీది బరువైన, జిగట పుప్పొడి, మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గడ్డి, చెట్లు, కలుపు మొక్కల నుంచి గాలిలో ఎగిరొచ్చేది. 2002లో అమెరికాలోని కనెక్టికట్‌లో 36 మందికి పచ్చి తేనె, శుద్ధి చేసిన తేనె, తేనె రుచి కలిపిన పాకం వేర్వేరుగా ఇచ్చి చూస్తే మూడింటికీ తేడా కనబడలేదు. దగ్గుకు తేనె మంచిదే. ఏడాది లోపు పిల్లలకు మాత్రం అసలు పెట్టకూడదు.

పసుపు రెండు నెలలు, పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఆవిరి పడితే ఒక అరగంట ముక్కు తెరుచుకుంటుంది, మళ్లీ మామూలే. ఒకసారి గిన్నె ఒరిగి మరుగుతున్న నీళ్లు మోకాలి మీద పడబోయాయి, ఆ రోజుతో మానేశాను.

ఇప్పుడు నన్ను భయపెట్టిన వాటి గురించి. అతిమధురం పొడి వాడినప్పుడు గొంతు గరగర మొదటి రోజే తగ్గింది, అందుకే పెంచుకుంటూ రోజుకు రెండు చెంచాల దాకా వెళ్లాను. ఐదో వారానికి సాయంత్రం చెప్పులు విప్పితే పట్టీల అచ్చు పాదం మీద లోతుగా పడి ఉండేది, తల వెనక నొప్పి. బీపీ చూస్తే 158/96, ఎప్పుడూ 120 దాటని నాకు. డాక్టర్ మందులేం వాడుతున్నారని అడిగితే ఏమీ లేదన్నాను, ఇంటి మందు మందు కిందికి రాదనుకున్నాను కాబట్టి. రెండోసారి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాను. అతిమధురంలో ఉండే గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టేస్తుంది, పొటాషియంను తగ్గించేస్తుంది. ఆపేశాక మామూలు కావడానికి మూడు వారాలు పట్టింది. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దయచేసి దీని జోలికి వెళ్లకండి.

సీమ చామంతి టీ ఇంకోటి. తాగిన గంటకే పెదాలు చిమచిమలాడి కళ్లు ఉబ్బాయి. చామంతి, వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు, ఒకదాని పుప్పొడి పడనివాళ్లకు రెండోదీ పడకపోవచ్చు. అలర్జీ మందని కొనుక్కున్న టీ అలర్జీనే పెంచింది. బటర్‌బర్ అనే మొక్క సారం గురించి కూడా చదివాను, సెటిరిజిన్ అనే అలర్జీ మాత్రతో పోల్చిన పరీక్షలో దానికి దగ్గరగా పనిచేసింది, కానీ ఆ మొక్కలో కాలేయాన్ని దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి, అందుకే ముట్టుకోలేదు.

నా క్యాలెండర్ మీద లెక్క నిజంగా మార్చింది మూలిక కాదు, ఉప్పు నీళ్లు. అయోడిన్ కలపని ఉప్పు మూడు చెంచాలు, తినేసోడా ఒక చెంచా కలిపి పొడి సీసాలో పెట్టుకుంటాను, అందులోంచి ఒక చిన్న చెంచా 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలుపుతాను. సింకు మీద వంగి, తల పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కులోంచి మెల్లగా పోస్తే కింది ముక్కులోంచి వచ్చేస్తుంది. మొదటిసారి ఉప్పు వేయకుండా ఉత్త నీళ్లు పోసుకుంటే నుదురు దాకా మంట పుట్టింది. ఉప్పు సరిగ్గా ఉంటే మంట ఉండదు. కుళాయి నీళ్లు నేరుగా మాత్రం వద్దు, నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణం దక్కడం చాలా అరుదు. తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ వాడాలి, ముక్కులో పోసుకునే సీసాను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

దీంతో పొద్దున తుమ్ములు పదమూడు పద్నాలుగు నుంచి ఐదారుకు వచ్చాయి, రాత్రి లేవడం దాదాపు పోయింది. కళ్ల దురద మాత్రం తగ్గలేదు. సాయంత్రం ఇంటికి రాగానే తల తడుపుకోవడం, దిండు గలీబు రెండు రోజులకోసారి మార్చడం మొదలుపెట్టాక అదీ కొంచెం నయం.

ఐదో సీజన్‌లో రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పుడు ఒక్క వారం కూడా కషాయాలతో గడపకుండా వెళ్లాల్సింది, నేను రెండు వారాలు గడిపాను. డాక్టర్ ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చారు, పూర్తిగా పనిచేయడానికి వారం రెండు వారాలు పడుతుందని, సీజన్‌కు ముందే మొదలుపెట్టమని చెప్పారు. ఇప్పుడు ముందు ఉప్పు నీళ్లు, పది నిమిషాలాగి స్ప్రే.

ఈ సీజన్ మూడో వారం నడుస్తోంది. నిన్నటి గడిలో నాలుగు రాశాను, ఇవాళ్టి గడిలో రెండు.