అమ్మ ముఖం కోసం బెంగళూరు దాకా

మనిషి ముఖాన్ని టాటూ వేయించుకోవాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్తాను. ఫొటో చూడకుండా రేటు చెప్పే చోట కూర్చోవద్దు. విజయవాడలో కట్టిన నా మూడు వేలు ఇప్పటికీ తిరిగి రాలేదు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మా అమ్మ 2023 కార్తీకంలో పోయింది. సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, ఆవిడ ముఖాన్ని నా ఎడమ ముంజేతి మీద వేయించుకోవాలనుకున్నాను. మాది నరసరావుపేట. దగ్గర్లో పెద్ద ఊరు కాబట్టి మా ఆయన, నేను ముందు విజయవాడే వెళ్ళాం. అక్కడి టాటూ స్టూడియోలో ఏసీ, సోఫాలు, గోడ నిండా సింహాలు, శివుడి బొమ్మలు. రిసెప్షన్‌లో అబ్బాయి "మూడు ఇంచీల సైజు, ఏడు వేలు, రెండు గంటల పని మేడమ్" అని గడగడా చెప్పేశాడు. అడ్వాన్స్ 3,000 ఫోన్‌పే చేశాకే ఆర్టిస్ట్ బయటికొచ్చాడు.

నా ఫోన్‌లో మొదట కనిపించిన ఫొటో పెద్దకర్మ నాడు పెట్టిన ఫ్లెక్సీది. అది చూడగానే "ఇది చాలు" అన్నాడు. ఆ ఫ్లెక్సీ చేసినవాళ్ళు అమ్మని తెల్లగా చేసి, నుదుటి మీది ముడతలు తీసేసి, వెనక మబ్బులు పెట్టారు. ఇది మా అమ్మలా లేదు, వేరే ఫొటోలు చూపిస్తానంటే "టాటూలో అంత తేడా తెలీదు మేడమ్" అన్నాడు. నేను వచ్చిందే ఆ తేడా కోసం. మీరు వేసిన ముఖాలు చూపించమంటే ఫోన్ తీసి చూపించాడు. అందులో ఒకదాని మూలన వేరే స్టూడియో పేరు ఉంది. గాయం మానాక తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదు. వేసిన రోజు ఎర్రగా ఉబ్బి ఉన్న చర్మం మీద ఏ బొమ్మైనా నిండుగానే కనిపిస్తుంది, అసలు పనితనం తెలిసేది అది మానాకే. నేను లేచాను. కట్టిన అడ్వాన్స్ వెనక్కి రాదని రాసిన బోర్డు ఒకటి చూపించారు. అది కౌంటర్ లోపలి గోడకి ఉంది, డబ్బు కట్టేవాళ్ళకి కనిపించదు. మా ఆయన గంటసేపు వాదించాడు. రూపాయి రాలేదు. తిరుగు దారిలో గుంటూరు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

బెంగళూరు ఆర్టిస్ట్ సంగతి ఒక పెళ్ళిలో తెలిసింది. మా బంధువుల అబ్బాయి చేతి మీద వాళ్ళ నాన్న ముఖం చూశాను. వేయించి మూడేళ్ళయిందట, అయినా కళ్ళల్లో వెలుగు పోలేదు, మీసంలో వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయి. నంబర్ తీసుకుని మెసేజ్ పెడితే డబ్బు సంగతి ఎత్తకుండా "అమ్మగారి ఫొటోలు ఎన్ని ఉంటే అన్నీ పంపండి" అని జవాబు వచ్చింది. ఆయనది కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న చింతామణి వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

పంపిన ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వద్దంటూ వచ్చాడు. వద్దన్న ప్రతిసారీ కారణం చెప్పాడు. ఆధార్ ఫొటోలో ముఖమంతా ఒకే వెలుతురు, నీడ లేకపోతే ముక్కు, చెంపలు పైకి తేలవు. పెళ్ళి ఆల్బమ్‌ది పాతకాలం టచింగ్ చేసిన ఫొటో. పళ్ళు కనిపించేలా నవ్విన ఫొటో చిన్న సైజులో వేస్తే కొన్నేళ్ళకి పళ్ళ మధ్య గీతలు నల్లగా కలిసిపోతాయి. చర్మం లోపల సిరా కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పరుచుకుంటుంది, అందుకే ముఖాన్ని మూడు ఇంచీల్లో ఇరికించకూడదని, నాకు కనీసం అయిదు ఇంచీల ఎత్తు కావాలని అన్నాడు. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమన్నాడు.

చివరికి పనికొచ్చిన ఫొటో మా మామయ్య ఫోన్‌లో దొరికింది. మామయ్య అమ్మకి తమ్ముడు. పోయినవాళ్ళ ముఖం ఒంటి మీద ఏంటని మొదటినుంచీ ఆయనకి ఇష్టం లేదు. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ రోజు పొద్దున, వసారాలో ఆ పిల్ల తీసిన సెల్ఫీ అది. పక్కనుంచి ఎండ పడుతోంది, అమ్మ పెదాలు బిగించి ఎవరినో చూస్తోంది. "మా అక్క బొమ్మ వేస్తుంటే నేను లేకుండా ఎట్లా?" అంటూ మామయ్యే బయల్దేరాడు. పిల్లల పరీక్షలని మా ఆయన ఇంట్లో ఉండిపోయాడు.

కొండవీడు ఎక్స్‌ప్రెస్ నరసరావుపేటలో ఎక్కితే పొద్దున్నే యశ్వంతపూర్‌లో దిగొచ్చు. మేం వెళ్ళినప్పుడు థర్డ్ ఏసీ మనిషికి వెయ్యి లోపే అయింది. స్టేషన్ బయట ఆటోవాళ్ళు ఇందిరానగర్‌కి 450 అడిగారు. పక్కనే మెట్రో ఉంది, మెజెస్టిక్‌లో లైన్ మారితే ఇద్దరికీ కలిపి అందులో సగం కూడా కాదు. దర్శిని హోటల్లో నిలబడి తిన్న ఇడ్లీ బాగుంది కానీ సాంబారు తీపి. మామయ్య అక్కడున్నన్నాళ్ళూ ఆ సాంబారుని తిట్టాడు.

లాడ్జి రోజుకి 1,900. పొద్దున ఎనిమిదింటికి వచ్చామని ఎర్లీ చెకిన్ పేరుతో ఇంకో 500 తీసుకున్నారు, గది మాత్రం పదింటికి ఇచ్చారు. గీజర్ వెలుగుతుంది, వేడి నీళ్ళు రావు. అయినా ఆ లాడ్జి మీద నా కోపం వీటికి కాదు, దాని సంగతి తర్వాత.

స్టూడియో మెట్ల పైన రెండు గదులు, అంతే. సూది కార్ట్రిడ్జ్‌ల సీలు మా ముందే విప్పాడు, కుర్చీకి, మెషిన్ వైరుకి కొత్త ప్లాస్టిక్ చుట్టాడు. చేతి మీది వెంట్రుకలు గీసి, తుడిచి, స్టెన్సిల్, అంటే బొమ్మ గీతలు చర్మం మీద పడే అచ్చు కాగితం, అతికించాడు. అద్దంలో చూసుకుంటే నాకు ఏడుపు ఆగలేదు, ఏమీ పట్టించుకునే స్థితిలో లేను. మామయ్య దగ్గరికొచ్చి చూసి "అక్క పైట కుడి భుజం మీద ఉందేంటి?" అన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. సెల్ఫీ కదా, ఆ ఫోన్ కుడి ఎడమలు తిప్పేసి దాచుకుంది. పైటతో పాటు ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడివైపుకి వెళ్ళింది, కొంచెం వాలి ఉండే ఎడమ కనురెప్ప కుడి కన్ను మీదికి వచ్చింది. ఆర్టిస్ట్ "సార్, మీరు రాకపోతే నేను తప్పు మనిషిని వేసేవాణ్ణి" అని, స్టెన్సిల్ మొత్తం తుడిచేసి, ఫొటో తిప్పి, మళ్ళీ ప్రింట్ తీశాడు. చర్మం ఆరేదాకా ఆగి కొత్తది అతికించాడు. ఎక్కడా తొందరపడలేదు. ఆ తర్వాత మామయ్య కుర్చీ నా పక్కకే చేరింది.

పదకొండున్నరకి మొదలైతే సాయంత్రం ఆరు దాటింది. ఇలాంటి పనిలో ముఖానికి చుట్టూ గీత గీయరు, గీత పడితే కార్టూన్ అయిపోతుంది. సిరా దాదాపు అంతా నలుపే, దాన్ని పలచన చేసి చిన్న కప్పుల్లో పోసుకుని, నీడలు మాత్రమే కట్టుకుంటూ వస్తారు. స్టెన్సిల్ చెరగకుండా కింద చీర అంచు దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చాడు. మన చామనఛాయ మీద తెల్ల సిరా ఎక్కువ పెడితే కొన్నాళ్ళకి పసుపు తిరుగుతుందని, వెలుగు పడే చోట చర్మాన్నే వదిలేశాడు. తెలుపు వాడింది కళ్ళల్లో రెండు చుక్కలు, ముక్కుపుడక మీద ఒక చుక్క. నుదుటి ముడతలు ఉన్నవి ఉన్నట్టే వేశాడు. నొప్పి మొదటి గంట భరించగలిగేదే. మోచేతి మడత దగ్గర, చివర్లో వాచిన చర్మం మీదే మళ్ళీ సూది నడిచినప్పుడు మాత్రం పళ్ళు బిగబట్టాను. కడుపు నిండా తిని వెళ్ళండి. మధ్యలో మామయ్య చెరుకురసం తెచ్చి తాగించాడు, అదే నన్ను నిలబెట్టింది.

మొత్తం 28,000. అందులో 5,000 ముందే అడ్వాన్స్‌గా కట్టాను, దాన్ని బిల్లులో తగ్గించి రసీదు ఇచ్చాడు. విజయవాడ రేటుకి నాలుగింతలు. ఇంకా ఎక్కువ అడిగినా ఇచ్చేదాన్ని.

ఇప్పుడు లాడ్జి సంగతి. టాటూ మీద పారదర్శకంగా ఉండే ఫిల్మ్ అతికిస్తారు. మొదటి రాత్రి దాని కింద రసి, సిరా ఊరతాయి, అంచు లేస్తే కారతాయి కూడా. నాకు కారింది. దుప్పటి మీద అరచేతి కన్నా చిన్న మరక. ఖాళీ చేసేటప్పుడు దానికి 1,200 కట్టమన్నారు. మూలన ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉన్న పాత దుప్పటి అది. మామయ్య డబ్బు తీసి బల్ల మీద పెట్టి, "సరే, దుప్పటి మాకు ఇవ్వండి, బిల్లు రాయండి" అన్నాడు. దుప్పటి మాత్రం ఇచ్చేది లేదన్నారు. "అయితే కడిగి ఇంకొకరికి వేస్తారన్నమాట, మరి డబ్బు దేనికి?" అని ఆయన కూర్చుండిపోయాడు. బిల్లు మాట ఎత్తేసరికి 1,200 కాస్తా 500 అయింది. రైలుకి టైమైపోతోందని నేనే కట్టించాను. దానికి మామయ్య హిందూపురం దాటేదాకా నా మీద అలిగాడు. ఎవరు వెళ్ళినా ముదురు రంగు పాత దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్ళండి, లాడ్జి దుప్పటి మీద పడుకోవద్దు.

రెండో వారంలో పొట్టు రేగి, అమ్మ ముఖం మసకబారినట్టు అయి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆర్టిస్ట్‌కి ఫొటో పంపితే "గోకకండి, సువాసన లేని క్రీమ్ పలచగా రాయండి, ఎండలో పెట్టకండి" అని రాత్రి పదింటికి కూడా జవాబిచ్చాడు. నెల తిరిగేసరికి తేటపడింది. నాకు రక్తదానం అలవాటు. టాటూ తర్వాత పన్నెండు నెలలు రక్తం తీసుకోరు, ఆ అలవాటున్నవాళ్ళు ముందే ఒకసారి ఇచ్చి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు, గాయం మానాక మచ్చ ఉబ్బే ఒళ్ళున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వెళ్ళొద్దు.

పైట మడత దగ్గర ఒకచోట సిరా కొంచెం పలచబడింది. టచప్ ఉచితమే కానీ రైలు ఖర్చు మనదే, లెక్కలో అది కూడా వేసుకోండి. ఎండలు తగ్గాక వెళ్తాం. మామయ్య ఇప్పుడే చెప్పాడు, ఈసారి ఆ లాడ్జిలో దిగేది లేదని.