అడ్డాకా, స్టీలు కంచమా? హాస్టల్ మెస్సుకు ఏది మేలు

కాలేజీలకు గ్రేడు వేసే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే ఏ క్యాంపస్‌లోనైనా ముందు బయటికొచ్చేది సున్నం డబ్బా, ఆ వెనకే పూల కుండీలు. ఒడిశా గంజాం జిల్లాలో మా క్యాంపస్ కూడా అంతే. కానీ పోయినసారి మెస్సు కమిటీ మీటింగులో గొడవంతా కంచాల మీద నడిచింది. నాలుగు వందల మంది తినే మెస్సు. స్టీలు కంచాలు తీసేసి ఆకు విస్తళ్లు పెట్టేస్తే 'గ్రీన్ క్యాంపస్' అని రాసుకోవచ్చని ఒకరి సలహా. నాది గజపతి జిల్లా పర్లాకిమిడి. అడ్డాకు విస్తరి లేని పెళ్లి భోజనం చిన్నప్పుడు ఎరగను. అందుకని నేను ఎగిరి గంతేస్తానని అందరూ నా వైపు చూశారు. నాకేమో లెక్క కుదరలేదు.

అడ్డాకు తెలియని వాళ్ల కోసం ఒక మాట. అడ్డతీగ అడవిలో చెట్లనల్లుకుని పైకి పాకే పెద్ద తీగ. ఒడియాలో సియాళి అంటారు. ఆకు మధ్యలో చీలి, అచ్చం ఆవు గిట్టలా ఉంటుంది. గజపతి, రాయగడ కొండల్లో సవర, కంధ ఆడవాళ్లు వాటిని కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. వాడే ముందు నాలుగు నీళ్ల చుక్కలు చిలకరించి, దాని మీద వేడన్నం వేస్తే ఒక వాసన వస్తుంది. ఆ వాసనకి ఓటు వెయ్యమంటే నేను రెండు చేతులూ ఎత్తుతాను. తిన్నాక గోతిలో పడేస్తే మట్టిలో కలిసిపోతుంది. ఈలోపు ఆవు తినేసినా భయం లేదు.

సుస్థిరత అన్న మాటకు ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లండ్ కమిషన్ 1987లో చెప్పిన అర్థమే అందరూ చెబుతారు: రేపటివాళ్ల అవసరాలకు లోటు రాకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. వినడానికి బాగానే ఉంటుంది. మెస్సులో నిలబడి ఆలోచిస్తే మాత్రం నాకు మూడే ప్రశ్నలు తోచాయి. ఈ కంచం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎన్నాళ్లు పనికొస్తుంది? పారేశాక ఎటు పోతుంది?

మొదటి ప్రశ్నకీ మూడోదానికీ అడ్డాకు ఫుల్ మార్కులు కొట్టేస్తుంది. రెండోదాని దగ్గరే చిక్కు. నాలుగు వందల మంది, రెండు పూటలు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 2,40,000 విస్తళ్లు. విస్తరికి ఆరు ఆకులే అనుకున్నా 14 లక్షల పైచిలుకు ఆకులు. ఒక్క హాస్టల్‌కి! పండక్కీ పెళ్లికీ కోసే అడ్డాకు తీగకి బరువు కాదు, మళ్లీ చిగురిస్తుంది. రోజువారీ ఆర్డరు వచ్చిందంటే ఆకులు ఏరి కోసే ఓపిక ఎవరికీ ఉండదు, తీగనే నరికి కిందికి లాగేస్తారు. తీగ పోతే ఆకొక్కటే పోదు. దాని గింజలు కాల్చుకు తినేవాళ్లున్నారు, నారతో తాళ్లు పేనుకునేవాళ్లున్నారు.

స్టీలు కంచం తయారీకి బొగ్గూ కరెంటూ బాగానే ఖర్చవుతాయి, కాదనను. కానీ ఒకసారి కొంటే పదేళ్లు గరిటె దెబ్బలు తింటూ పడి ఉంటుంది. సొట్టపోయినా పాత సామాన్ల వాడు తూకానికి పట్టుకుపోతాడు, కరిగించి ఇంకోటి చేస్తారు. దానికున్న రోగం ఒక్కటే, నీళ్లు. కుళాయి వదిలేసి కడిగితే కంచానికి రెండు లీటర్లు ఎటు పోయాయో తెలియదు. పూటకి 800 లీటర్లు. మేలో బరంపురంలో నీళ్ల ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తిన వాళ్లకి ఈ అంకె ఎంతో చెప్పక్కర్లేదు. మూడు తొట్లు పెట్టి, ఒకదాంట్లో నానబెట్టి, ఒకదాంట్లో తోమి, ఒకదాంట్లో జాడిస్తే అందులో సగం కూడా కాదు. ఆ నీళ్లు అరటి పాదులకి పోతాయి. మా అమ్మ పెరట్లో చేసిందీ ఇదే, దానికి ఏ ఆడిటూ రాలేదు.

పేపరు ప్లేట్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ప్లాస్టిక్ ప్లేట్లను దేశమంతా 2022 జులై 1 నుంచి ఆపేశాక వీటికి గిరాకీ పెరిగింది. పేరుకే పేపరు, చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వక్కపట్ట ప్లేట్లు మంచివే గానీ కర్ణాటక నుంచి లారీ ఎక్కి రావాలి, పక్క కొండ మీద ఆకు పెట్టుకుని.

ఇంకో మోసం కూడా ఉంది. మిషను మీద అచ్చొత్తిన ఆకు ప్లేట్లని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. కొన్నిటికి ఆకు వెనక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. మా దగ్గరికి శాంపిల్ వచ్చిన కట్టలో మొదటి ప్లేటుని గోటితో గీరితే ఆ షీటు టపీమని ఊడి వచ్చింది. తెచ్చినాయన మొహం చూడాలి.

అసలు వాదనని తేల్చింది మాత్రం మా వంటాయన. టెక్కలి మనిషి. ఇదంతా విని, "మాస్టారూ, పఖాళ ఆకులో ఎలా పొయ్యమంటారు?" అన్నాడు. వేసవిలో హాస్టల్లో మధ్యాహ్నం నీళ్లన్నమే, ఒడియా పిల్లలకది ప్రాణం. కుట్టు విస్తట్లో మన చారే ఒడిలోకి వస్తుంది, ఇక పఖాళ సంగతి చెప్పాలా?

అలాగని ఆకుని తీసిపారెయ్యలేం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని పిండేసినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు, తాగడానికే నీళ్లు లేవు. అటక మీదున్న రెండు కట్టల అడ్డాకులే మా వీధి మొత్తానికి కంచాలయ్యాయి.

కాబట్టి నా ఓటు ఇలా పడింది. రోజూ స్టీలు. స్నాతకోత్సవానికీ సరస్వతీ పూజకీ ప్లాస్టిక్ పొర లేని కుట్టు విస్తళ్లు, అవీ దళారీ చేతుల మీదుగా కాకుండా కుట్టినవాళ్ల దగ్గరే. స్టోర్‌రూములో తుపాను కోసం ఎప్పుడూ నాలుగు కట్టలు.

మీటింగయ్యాక ఎంగిలి తొట్టి దగ్గర నిలబడితే ఇంకో లెక్క కనబడింది. మనిషికి యాభై గ్రాముల అన్నం వదిలినా పూటకి 20 కిలోలు. అంటే ఏడు కిలోల బియ్యం, పది కిలోల వడ్లు. కిలో వడ్లకి సగటున 2,500 లీటర్ల నీళ్లు పడతాయని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ లెక్క. ఎక్కువ భాగం వాన నీరే కావచ్చు, అయినా 25,000 లీటర్లు! కంచాలు కడిగే 800 లీటర్ల కోసం మేం రెండు గంటలు కొట్టుకున్నాం.

మర్నాడే తొట్టి కింద కాటా పెట్టించాను. ఏ పూట ఎంత పారేశారో వంటాయన గోడ మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. కోడికూర రోజు అంకె బాగా తగ్గుతోంది. సొరకాయ రోజు పెట్టిన అంకెని మాత్రం పిల్లలే ఎవరో తుడిచేస్తున్నారు.