క్లాసులో పూజా పళ్లెం: ఇంగ్లండ్ బడులకు అమ్మే ఆర్.ఈ. కిట్ ఎలా ఉంది?

ఇంగ్లండ్ ప్రైమరీ బడుల్లో మతాల గురించి ఒక పాఠం ఉంటుంది. అక్కడ అందరూ దాన్ని ఆర్.ఈ. (రెలిజియస్ ఎడ్యుకేషన్, అంటే మత విద్య) అంటారు. ఈ పాఠం కోసం స్కూలు సామాను అమ్మే కంపెనీలు మతానికో పెట్టె తయారుచేసి అమ్ముతుంటాయి. హిందూ పెట్టెలో అసలు సరుకు పూజా పళ్లెం. ఏ కంపెనీది కొన్నా లోపలి సామాను దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ పేర్లు అక్కర్లేదు. కొనేది బడి, వాడేది టీచరు. అయినా అక్కడున్న తెలుగు తల్లిదండ్రులు దీని సంగతి తెలుసుకోవడం మంచిది. ఏదో ఒక వారం పిల్లలు నుదుట బొట్టుతోనో, జేబులో కిస్‌మిస్‌తోనో ఇంటికొస్తారు, అది ఎక్కడిదో అప్పుడు అర్థమవుతుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: సామానుకు పెద్దగా వంక పెట్టలేం. దాంతోపాటు వచ్చే కాగితమే బాగాలేదు.

పెట్టె విప్పితే స్టీలుదో ఇత్తడిదో పళ్లెం, గంట, చిన్న నీళ్ల పాత్ర, ఉద్ధరిణి, దీపపు కుంది, అగరొత్తుల స్టాండు, కుంకుమ భరిణె ఉంటాయి. మొత్తం ఏడు. కొన్ని సెట్లలో చిన్న వినాయకుడి విగ్రహం, కుంకుమ పొట్లం, అగరొత్తుల కట్ట కూడా వస్తాయి. తెలుగింటి కంటికి ఒక లోటు వెంటనే తెలుస్తుంది. మన పళ్లెంలో అన్నిటికన్నా ముందుండే పసుపు ఇందులో లేదు. అక్షింతల ఊసే లేదు. బ్రిటన్‌లో హిందూ సమాజం మొదట్లో గట్టిగా నిలదొక్కుకున్నది గుజరాతీలతో. 1972లో ఉగాండా నుంచి వెళ్లగొడితే వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. కిట్లకు నమూనా వాళ్ల ఇళ్ల నుంచే వచ్చి ఉండొచ్చు కాబట్టి ఇది తప్పేం కాదు. కాకపోతే టీచరు దీన్ని చూపించి 'హిందువుల పూజ ఇలా ఉంటుంది' అంటే మన పిల్లలు అయోమయపడతారు. 'కొందరి ఇళ్లలో ఇలా ఉంటుంది' అంటే గొడవే లేదు.

లోహం సంగతి చూద్దాం. స్టీలు సెట్టయితే పదేళ్లైనా చెక్కుచెదరదు. ఇత్తడి సెట్టు అందంగా ఉంటుంది కానీ చాలావాటికి మెరుపు పోకుండా పైన లక్క పూత వేస్తారు. ఆ కుందిలో ఒక్కసారి నిజం దీపం వెలిగిస్తే పూత మాడి నల్లని మరకలు పడతాయి, ఎంత తోమినా సమంగా రావు. పూత లేని ఇత్తడి నల్లబడితే చింతపండు పెట్టి తోమితే చాలు. అందులోని పులుపు పైన పేరుకున్న తుప్పు పొరను కరిగిస్తుంది. అక్కడ చింతపండు చేతికందకపోతే నిమ్మచెక్క, ఉప్పు సరిపోతాయి. పూత ఉన్నదాన్ని మాత్రం ఇలా తోమకూడదు. పూత అక్కడక్కడా లేచిపోయి పళ్లెం మచ్చలమచ్చలుగా తయారవుతుంది. కొనేముందు పూత ఉందా లేదా అని అడగడం ఉత్తమం.

కుంకుమ దగ్గర అసలు తంటా మొదలవుతుంది. పసుపుకు సున్నం లాంటి క్షారం కలిస్తే ఎర్రబడుతుంది, పాతకాలపు కుంకుమ తయారీకి అదే మూలం. కిట్లో వచ్చే పొట్లం చాలాసార్లు ఉత్త రంగుపొడి. తేడా తేల్చడం తేలిక: చిటికెడు కుంకుమ మీద నిమ్మరసం చుక్క వేయండి. పసుపుతో చేసినదైతే ఎరుపు విరిగి పసుపుపచ్చకు తిరుగుతుంది, రంగుపొడైతే అలాగే ఉంటుంది. ఇది క్లాసులో చేసి చూపిస్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. సైన్సు టీచరూ సంతోషిస్తాడు. రంగుపొడి మాత్రం తెల్ల యూనిఫాం మీద పడితే వదలదు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది, ముందు పొడిగా దులిపి తర్వాతే చన్నీళ్లు వాడాలి. చర్మం పడని పిల్లలకు దురద కూడా రావచ్చు. భరిణెను మూతతోనే చేతికివ్వడం అన్నివిధాలా మేలు.

దీపం, అగరొత్తి వెలిగించే అవకాశం క్లాసులో దాదాపు ఉండదు. పొగ గంటలు మోగుతాయి, ఉబ్బసం ఉన్న పిల్లలుంటారు, జడలూ పొడుగు చేతుల చొక్కాలూ ఉంటాయి. అగరొత్తిని వెలిగించకుండా వాసన చూపించినా పని జరుగుతుంది. బ్యాటరీ దీపం పెడితే కంటికి బాగానే ఉంటుంది కానీ హారతి కళ్లకద్దుకోవడంలోని వెచ్చదనం అందులో ఉండదు, పిల్లలు చల్లటి ప్లాస్టిక్ మీద చేతులాడిస్తారు. దానికన్నా ఇంట్లో హారతి ఇస్తున్న రెండు నిమిషాల వీడియో చూపించడం నయం. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కర్పూరం బిళ్లకూ పటికబెల్లం పలుకుకూ పిల్లల కంటికి తేడా తెలియదు. కర్పూరం కడుపులోకి వెళ్తే చిన్నపిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కిట్లో ఎలాగూ రాదు కదా అని ఎవరైనా ఉత్సాహంగా ఇంటి నుంచి పంపితే, దాన్ని క్లాసులోకే రానివ్వకూడదు.

ఇప్పుడా కాగితం సంగతి. కొన్ని సెట్లతో వచ్చే పాఠం పత్రం పిల్లల చేత వంతులవారీగా హారతి ఇప్పించడం, బొట్టు పెట్టించడం, ప్రసాదం పంచడం లాంటి పనులు సూచిస్తుంది. ఆటలా ఉంటుందని రాసేవాళ్ల ఉద్దేశం. కానీ గంట ఎలా ఉంటుందో చూడటం వేరు, విగ్రహం ముందు నిలబడి ఆ గంట మోగిస్తూ హారతి ఇవ్వడం వేరు. మొదటిది పాఠం, రెండోది పూజ. నమ్మకం ఉన్న పిల్లవాడికి అది నాటకమై చులకనగా అనిపిస్తుంది. లేని పిల్లవాడికి తన ఇంట్లో ఒప్పుకోని పని తన చేత చేయించినట్టవుతుంది. కిట్ ఇద్దరినీ ఇబ్బంది పెడుతోంది.

ఇంగ్లండ్ చట్టం ఈ గీతను చాలాకాలంగా గీస్తూ వస్తోంది. 1870 విద్యా చట్టంలోనే బోర్డు స్కూళ్లలో (స్థానికంగా ఎన్నికైన బోర్డులు నడిపిన బడులు) క్రైస్తవంలోని ఏదో ఒక శాఖకే ప్రత్యేకమైన మతసూత్రాలు నేర్పకూడదన్న నిబంధన ఉంది. 1944 చట్టం మత బోధననూ రోజువారీ ప్రార్థననూ తప్పనిసరి చేసింది, వాటి నుంచి పిల్లల్ని మాన్పించే హక్కు తల్లిదండ్రులకు ఇచ్చింది. 1988 చట్టంతో 'మత బోధన' పోయి 'మత విద్య' వచ్చింది. దేశంలోని మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమేనని గుర్తిస్తూనే, మిగతా ముఖ్య మతాల బోధలనూ ఆచారాలనూ లెక్కలోకి తీసుకోవాలని అది చెప్పింది. పూజా పళ్లెం బడి గుమ్మం తొక్కడానికి దారి తీసింది ఆ వాక్యమే. పాఠ్యాంశాలు జాతీయ పాఠ్యప్రణాళికలో ఉండవు, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నడిపే బడుల్లో ఆ ప్రాంతాన్ని బట్టి స్థానికంగా నిర్ణయమవుతాయి. పొద్దున్నే జరిగే ప్రార్థన సమావేశం దీనికి పూర్తిగా వేరు. రెండింటినీ కలిపేసుకుని గాభరాపడే తల్లిదండ్రులు చాలామంది.

'మీవాడు చేయనక్కర్లేదు, పక్కన కూర్చుని చూస్తే చాలు' అని బడి అంటే తీరిపోతుందా? తీరదు. నార్వే బడుల్లోని మతపాఠం మీద కొందరు తల్లిదండ్రులు వేసిన కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో 9-8 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ప్రార్థనలు, కీర్తనల్లాంటి వాటిలో పాల్గొనకుండా చూస్తూ ఉండటమే మినహాయింపు అన్న పద్ధతి అమలులో చిక్కు అనీ, హక్కును పలచన చేస్తుందనీ కోర్టు అభిప్రాయం. ఎనిమిదేళ్ల పిల్ల నలుగురూ లేచి నిలబడినప్పుడు తనొక్కతే కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఆ తీర్పు వింతగా తోచదు. అందుకే మా లెక్కలో, కొందరికి మినహాయింపు ఇవ్వాల్సిన అవసరం రానివ్వని పాఠమే మంచి పాఠం.

ఈ కిట్‌తో అలాంటి పాఠం నడపొచ్చు. ముప్పై మంది పిల్లలు, ఒక గంట పాఠం అనుకుందాం. సామాను గుడ్డలో చుట్టి, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టుకోవాలి. విగ్రహం ఉంటే ఎత్తైన చోట, అందరికీ కనబడేలా, ఎవరి చేతికీ ఇవ్వకుండా ఉంచాలి. చిన్న విగ్రహాలకు ముందు విరిగేది తొండమే. విరిగిన విగ్రహాన్ని పూజలో ఉంచకపోవడం మన ఆనవాయితీ, పెట్టెలో కూడా ఉంచకుండా తీసేయడం మంచిది. దీపపు కుంది టీచరు దగ్గరే ఉండాలి. మిగిలిన ఆరు వస్తువులూ ఆరు బల్లలకు, బల్లకు ఐదుగురు. బల్లకు నాలుగు నిమిషాలు ఇస్తే మార్పిడితో కలిపి అరగంటలో అన్నీ అందరూ చూస్తారు. గంట నాలుకకు చిన్న గుడ్డ కట్టకపోతే ఆ అరగంటా ఇంకేమీ వినబడదు, చివర్లో గుడ్డ విప్పి టీచరే ఒకసారి మోగిస్తే సరి. ఉద్ధరిణి బల్ల దగ్గర పిల్లలు నీళ్లు తీసి పాత్రలోకే తిరిగి వంచి చూడొచ్చు. ఇంట్లో అరచేతిలో మూడుసార్లు పోసుకుని ఆచమనం చేస్తారని టీచరు మాటల్లో చెప్తే చాలు, చేయించనక్కర్లేదు. కార్డు మీద ప్రశ్నలు సాదాగా ఉండాలి: ఇది దేంతో చేశారు, ఎక్కడ అరిగింది, ఏ చేత్తో పట్టుకుంటారు? కొత్త కిట్లో అరిగింది ఏదీ ఉండదు. ఏదైనా కుటుంబం తమ ఇంట్లో వాడిన పాత ఉద్ధరిణి ఒకటి అరువిస్తే పిల్లలు దాన్నే ఎక్కువసేపు తిప్పితిప్పి చూస్తారు.

తినేవాటి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. దేవుడి ముందు పెట్టి నివేదించినదైతే అది ప్రసాదం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది దాన్ని తీసుకోరు. నివేదించనిదైతే అది ఉత్త కిస్‌మిస్, ఉత్త అరటిపండు. రుచి చూపించాలనుకుంటే విగ్రహానికి దూరంగా, విడి గిన్నెలో పెట్టి, 'పూజల్లో ఇలాంటివి పెడతారు' అని చెప్పి ఇవ్వాలి. ఆ సంగతి ముందురోజే ఇంటికి రాసి పంపాలి. జీడిపప్పు, బాదం, పాలతో చేసిన మిఠాయిలు అలెర్జీల వల్ల ఎలాగూ కుదరవు.

టీచర్లు తరచూ చేసే పొరపాటు ఇంకొకటుంది. క్లాసులో తెలుగు పేరున్న పిల్ల కనబడగానే, నువ్వు వచ్చి చేసి చూపించమ్మా అంటారు. ఆ పిల్ల ఇంట్లో ఆదివారం చర్చికి వెళ్తుండొచ్చు. నమాజు చేసే ఇల్లూ కావచ్చు. హిందూ ఇల్లే అయినా మెడలో లింగకాయ కట్టుకునే వీరశైవులై, పళ్లెంతో పని వేరుగా ఉండొచ్చు. ఇవేవీ కాకపోయినా పదిమంది ముందు పూజారి అవతారం ఎత్తడం అందరికీ ఇష్టముండదు. తనంతట తాను చెయ్యెత్తి చెప్తే వినాలి, లేకపోతే వదిలేయాలి.

పిల్లల్ని మాన్పించాలనుకునే తల్లిదండ్రులకు: ఇంగ్లండ్‌లో 1998 స్కూలు ప్రమాణాల చట్టం 71వ సెక్షన్ కింద పాఠం మొత్తం నుంచి గానీ, ఒక భాగం నుంచి గానీ మాన్పించమని హెడ్ టీచరుకు రాయొచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు. బడి పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి కానీ వేరే పాఠం చెప్పాల్సిన బాధ్యత దానిది కాదు. ఉత్తరంలో 'ఆర్.ఈ. వద్దు' అని మొత్తం కొట్టేసేకన్నా, పాఠం ప్రణాళిక పంపమని అడిగి, ఫలానా పని వరకే వద్దు అని రాస్తే పిల్లవాడు మిగతాది నష్టపోడు. వేల్స్‌లో మాత్రం 2021 చట్టంతో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక కింద ఈ మాన్పించే హక్కు లేదు. కార్డిఫ్‌లో ఉన్నవాళ్లు ఇంగ్లండ్‌లోని బంధువుల ఉత్తరాన్ని నకలు చేసి పంపితే పని జరగదు.

ఇదే సెట్టు తెప్పించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బళ్లో వాడదామనుకునేవాళ్లూ ఉన్నారు. మనకు రాజ్యాంగం 28వ అధికరణ ఉంది: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన కుదరదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా సాయం పొందే బడిలో మత బోధనకో ప్రార్థనకో హాజరు కావాలంటే పిల్లల తరఫున పెద్దల సమ్మతి ఉండాలి. మతాల గురించి చదవడం దీనికి అడ్డు కాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. వసంత పంచమికి బళ్లో సామూహిక అక్షరాభ్యాసం పెట్టే యాజమాన్యాలు ఆ సమ్మతి మాట గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. అది పాఠం కాదు, పూజే.

డబ్బు విషయానికొస్తే, కిట్‌గా కొనడం కన్నా విడిగా కొనడమే చవక. లండన్‌లో ఈస్ట్ హామ్, వెంబ్లీ, లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్ దుకాణాల్లో ఇవే వస్తువులు దొరుకుతాయి. ఏడింటికీ తోడు పసుపు భరిణె, అక్షింతల గిన్నె కూడా వచ్చేస్తాయి. బిల్లు, భద్రతా పత్రాలు కావాలనే బడులకు, పట్టణానికి దూరంగా ఉండి దగ్గర్లో హిందూ కుటుంబమే లేని బడులకు మాత్రం కిట్ కొనడం సబబే. కొంటే స్టీలు సెట్టు తీసుకోండి. విగ్రహం విడిగా, కొంచెం పెద్దది, బరువైనది చూసుకోండి. కుంకుమ పొట్లం పక్కన పడేసి ఇండియన్ షాపులో పసుపుతో చేసినది తెచ్చుకోండి. పాఠం పత్రాన్ని రీసైకిల్ డబ్బాలో వేయండి.