మిర్చి తూకాల లెక్కల్లో నాలుగేళ్ల హాస్కెల్: హెడ్, జిప్, టేక్

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) షాపుకు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. నాలుగు మిర్చి సీజన్లు నడిచింది. భాష నచ్చింది. కానీ పనికిరాని ఇన్‌పుట్ వస్తే దాని లిస్ట్ ఫంక్షన్లు ఒక్కోటి ఒక్కో తీరు. నా పంచాయితీ అంతా అక్కడే.

లిస్ట్‌లో మొదటిది తీసిచ్చే హెడ్‌కు ఖాళీ లిస్ట్ ఇస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే పడిపోతుంది. మార్కెట్ సెలవు రోజు రిపోర్ట్ తెరిచి సేటు ఫోన్ చేశాడు: "తమ్మీ, నీ డబ్బా బందైంది." పది నిమిషాల్లో సరిచేశా. ఎల్మ్ అనే ఇంకో భాషలో హెడ్ మేబీ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అనే టైప్) ఇస్తుంది కాబట్టి ఖాళీ సంగతి ముందే చూసుకోవాల్సిందే. హాస్కెల్‌లో కూడా దాని కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి హెడ్, టెయిల్ (మొదటిది వదిలి మిగతాది ఇచ్చేది) వాడితే హెచ్చరిస్తోంది.

అసలు దెబ్బ, రెండు లిస్టులను జతలుగా కలిపే జిప్ కొట్టింది. బస్తా నంబర్లు ఒక లిస్ట్, తూకాలు ఇంకో లిస్ట్. ఒకరోజు 43 నంబర్లకు 42 తూకాలే ఎక్కాయి, మధ్యలో ఒకటి తప్పిపోయింది. జిప్ చిన్న లిస్ట్ అయిపోగానే చప్పుడు చేయకుండా ఆగింది. తప్పిపోయిన చోటు నుంచి తూకాలన్నీ పక్క బస్తాకు జరిగి, చివరి బస్తా రైతుకిచ్చే తక్‌పట్టీ చీటీలోనే లేదు. రైతు వేళ్ల మీద లెక్కపెట్టి పట్టుకున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఓకామెల్ భాషలో ఇదే పని చేసే కంబైన్, పొడవులు కలవకపోతే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని ఆగిపోతుంది. ఆ రోజు నా డబ్బా కూడా బందై ఉంటే ఎంత బాగుండేది!

అట్లని సర్దుకుపోయే ఫంక్షన్లన్నీ చెడ్డవి కావు. లిస్ట్ మొదటి నుంచి ఎన్ని అడిగితే అన్ని తీసిచ్చే టేక్‌కు మైనస్ సంఖ్య ఇస్తే ఖాళీ లిస్ట్, మరీ పెద్దది ఇస్తే ఉన్నదంతా ఇస్తుంది. మొదట ఇది బద్ధకం అనుకున్నా. తర్వాత తెలిసింది: ఏ సంఖ్యకైనా టేక్ ఇచ్చిన ముక్కకు డ్రాప్ (అన్ని వదిలేసి మిగతాది ఇచ్చేది) ఇచ్చిన ముక్క అతికిస్తే మొదటి లిస్టే తిరిగొస్తుంది. ఏదీ పోదు. జిప్ మిగిలింది పారేస్తుంది, పారేశానని చెప్పదు కూడా. (ఎలిక్సిర్ భాషలో టేక్‌కు మైనస్ 3 ఇస్తే చివరి మూడు వస్తాయి. అక్కడది తప్పే కాదు.)

ఇప్పుడు జిప్ బదులు పొడవులు చూసి ఈథర్ (ఫలితమో, తప్పు ఏంటన్నదో రెండిట్లో ఒకటి) ఇచ్చే నా సొంత ఫంక్షన్ వాడుతున్నా. లాట్ అంటేనే కనీసం ఒక బస్తా, కనుక దానికి ఖాళీగా ఉండలేని నాన్‌ఎంప్టీ లిస్ట్ టైప్. రోజు రిపోర్ట్ ఖాళీ ఉండొచ్చు, దానికి మేబీ. టేక్ జోలికి పోలేదు. ఇండెక్స్‌తో (వరుస సంఖ్యతో) తీసే, లేని సంఖ్య ఇస్తే హెడ్ లాగే ప్రోగ్రాంను పడేసే డబుల్ బ్యాంగ్ (!!) మాత్రం ఇంకా రెండు చోట్ల ఉంది, సీజన్ అయ్యాక తీసేయాలి.