ఫార్మాట్ మాట ఎత్తని రిపేరు దుకాణం

కోనసీమలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలకు కొదవ లేదు గాని, కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే నల్ల తెరలో, ఏదైనా ఎర్రర్ వస్తోందని చెబితే చాలాచోట్ల వెంటనే వినిపించే సలహా ఫార్మాట్ చేయించమనే. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కు దగ్గరలో మేడ మీద నడుస్తున్న ఈ చిన్న దుకాణంలో మాత్రం ముందు ఆ ఎర్రర్‌ను పూర్తిగా చదువుతారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లవారికి ఈ ఒక్క అలవాటు కోసమే దీన్ని సిఫారసు చేస్తున్నాను.

మా ఇంటి కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ను తెరవడానికి ఆ తెరలో పైథాన్ అని టైపు చేస్తే, ఆ పేరుతో కమాండ్ గాని ప్రోగ్రామ్ గాని లేదన్న సందేశం రావడం మొదలైంది. పైథాన్ ఫోల్డర్ చూస్తే డిస్కులో భద్రంగానే ఉంది. మొదట చూసిన ఒక టెక్నీషియన్ విండోస్ పాడైందని తేల్చి, ఫైళ్లు కాపీ చేసుకోమన్నారు. ఈ దుకాణం యజమాని తెర చూసి, "మాస్టారూ, దీనికి ముందు ఎవరైనా సెట్‌ఎక్స్ కమాండ్ కొట్టారాండీ?" అని అడిగారు. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం పాత్‌లో ఒక ఫోల్డర్ చేర్చాలని మా అమ్మాయి కొట్టిన కమాండ్ సరిగ్గా అదే.

టైపు చేసిన ప్రోగ్రామ్‌ను విండోస్ ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితాయే పాత్. ఆ జాబితా 1024 అక్షరాలు దాటితే సెట్‌ఎక్స్ దాన్ని అక్కడికి కత్తిరించి భద్రపరుస్తుంది. కత్తిరించినట్టు ఒక హెచ్చరిక చూపిస్తుంది గాని, దాని వెంటనే పని విజయవంతమైందని కూడా ప్రకటిస్తుంది కనుక ఆ హెచ్చరికను పట్టించుకునేవారు తక్కువ. ఆయన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టె తెరిచి చూపించినప్పుడు, మా యూజర్ పాత్‌లో చివరి వరుస ఒక ఫోల్డర్ పేరు మధ్యలోనే తెగిపోయి ఉంది. పై వరుసల్లో సిస్టమ్ పాత్‌లోవన్నీ రెండోసారి వచ్చి చేరాయి. ఆ నకళ్లను ఒక్కొక్కటిగా తీసేసి, పైథాన్ ఇన్‌స్టాలర్‌లోని మాడిఫై ద్వారా దాని ఫోల్డర్లను మళ్లీ పాత్‌లో చేర్చారు. తరువాత పాత కమాండ్ విండోను మూసి కొత్తది తెరిచారు, ఎందుకంటే అప్పటికే తెరిచి ఉన్న విండో పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉందో అడిగే వేర్ పైథాన్ అన్న కమాండ్ కొడితే దాని చిరునామా వచ్చింది.

వానాకాలంలో మా అంబాజీపేట వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుందని చెప్పినప్పుడు, అడగకుండానే డిస్కులో లోపాలు వెతికే చెక్‌డిస్క్ కూడా నడిపారు. ఆ తరువాత విండోస్ సొంత ఫైళ్లను సరిచేసే కమాండ్లు రెండు: ముందు డిస్మ్, దాని వెనుక ఎస్‌ఎఫ్‌సీ. ఈ వరుసకు కారణం ఉంది: పాడైన సిస్టమ్ ఫైలు స్థానంలో పెట్టడానికి ఎస్‌ఎఫ్‌సీ మంచి ప్రతిని విండోస్ దగ్గరున్న నిల్వ నుంచే తీసుకుంటుంది గనుక, ఆ నిల్వే దెబ్బతిని ఉంటే ముందు డిస్మ్‌తో దాన్ని బాగుచేయాలి. డిస్మ్ తనకు కావలసినవి విండోస్ అప్‌డేట్ నుంచి దింపుకుంటుంది. దుకాణంలో ఇంటర్నెట్ నెమ్మది కావడంతో శాతం అంకె ఎంతసేపటికీ కదలలేదు. కూర్చోవడానికి ఒకటే ప్లాస్టిక్ కుర్చీ, అందులోనూ ఎవరిదో సీపీయూ ఉంది.

కూలి 300 రూపాయలు. ఆ సంగతి పని మొదలుపెట్టకముందే చెప్పారు. యూపీఎస్ పెట్టుకుంటే మంచిదన్నారు గాని తమ దగ్గరే కొనమనలేదు. బిల్లు మాత్రం అడిగితే తప్ప ఇవ్వరు, మెట్లు నిటారుగా ఉండడం వల్ల పెద్దవాళ్లు డెస్క్‌టాప్ మోసుకుని ఎక్కడం కష్టం, మదర్‌బోర్డు పనులైతే రాజమహేంద్రవరం పంపుతారు కనుక ఆలస్యం తప్పదు.

వచ్చేటప్పుడు ఒక చీటీ మీద జాగ్రత్తలు తెలుగులోనే రాసిచ్చారు. అందులో మా ఇంటికి బాగా పనికివచ్చింది, పేరులో మాటల మధ్య ఖాళీ (స్పేస్) ఉన్న ఫోల్డర్‌ను కమాండ్‌లో రాసేటప్పుడు ఆ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలన్నది. ఇంటిపేరు, అసలు పేరు విడివిడిగా రాసి యూజర్ ఖాతా తెరిచిన ఇళ్లలో ఈ చిక్కు తరచూ వస్తుందట. వెళ్లదలచినవారు ఉదయం పూట వెళ్లడం మేలు. ఎర్రర్ వచ్చిన తెరను మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి. ఆయన మొదట అడిగేది దాన్నే.