యూటా నేచురల్ హిస్టరీ మ్యూజియం: అద్దం వెనక పని తప్పక చూడండి

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ఈ మ్యూజియంకి పిల్లలతో వెళ్లాం. గోడ నిండా కొమ్ముల డైనోసార్ల పుర్రెలే. మా చిన్నది అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు! నేను మాత్రం అద్దాల ల్యాబ్ ముందు అరగంట నిలబడ్డాను. రాతిలోంచి ఎముకను రవ్వరవ్వగా విడదీస్తున్నారు, ఎంత ఓపికో. యూటాలోని గ్రాండ్ స్టెయిర్‌కేస్ లాంటి అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల్లో దొరికిన డైనోసార్ ఎముకలు ఎవరు తవ్వినా దేశ ప్రజల సొత్తే. 2009 నాటి అమెరికా చట్టం ప్రకారం వాటిని ఆమోదం పొందిన సంస్థలోనే దాచాలి. భద్రమైన గదులు, ప్రతి ముక్కకీ నమోదు, తెలిసిన సిబ్బంది, పరిశోధకులకు అందుబాటు ఉండాలి. బిర్లా సైన్స్ మ్యూజియంలో మన యామనపల్లిలో దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరాన్ని చూస్తూ పెరిగినదాన్ని; హైదరాబాద్‌లోనూ ఇలాంటి అద్దాల ల్యాబ్ ఉండాలని ఎంతగానో అనిపించింది. కనీసం సగం రోజు పెట్టుకుని వెళ్లండి.