కన్సోలా, టేబుల్ సెట్టా? పాత రేడియో కొనేముందు ఏది మేలు

విజయనగరం, బొబ్బిలి, టెక్కలి... ఏ ఊళ్లో పాత సామాన్ల కొట్టుకి వెళ్లినా పెద్ద రేడియోకి ఒక కథ తగిలించి ఉంటుంది. "రాజులవారింట్లో సరుకు బాబూ, మొత్తం టేకే, మీరే సూడండి" అంటారు. ఈ చుట్టుపక్కల జమీందారీలకు కొదవ లేదు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది కూడా. కథకి మాత్రం పైసా కట్టకండి. వెనక అట్ట తీయించి పెట్టె అంచు చూడండి. చాలావాటిలో పొరలు పొరలుగా ప్లైవుడ్ కనబడుతుంది, పైన అతికించింది వెనీర్, అంటే పల్చటి చెక్క పొర. అది మోసం కాదు, కంపెనీలే అలా చేసేవి. టేకు రేటు అడిగితే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

నేలమీద నిలబెట్టేది కన్సోల్, బల్లమీద పెట్టుకునేది టేబుల్ సెట్. కన్సోల్ మూత కింద రికార్డు ప్లేయర్ కూడా ఉంటే రేడియోగ్రామ్. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, నేషనల్ ఎకో లాంటి కంపెనీల్లో మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి టేబుల్ సెట్లు. గొంతు విషయంలో పోటీయే లేదు. పెద్ద పెట్టె, పెద్ద స్పీకరు, కన్సోల్‌దే పైచేయి. అయినా మొదటిసారి కొనేవాళ్లకి నేను టేబుల్ సెట్టే చెప్తాను.

ఎందుకంటే కన్సోల్ కాళ్లు నేలమీద ఉంటాయి. ఇంట్లోకి నీళ్లొస్తే ముందు తడిసేది అదే, చెద ఎక్కేదీ అక్కడినుంచే. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాన్లు చూసిన ప్రాంతం మనది. గూట్లోనో బల్లమీదో ఉన్న టేబుల్ సెట్ అలాంటప్పుడు చాలావరకు బతికిపోతుంది. అందుకే కన్సోల్ చూసేటప్పుడు ముందు కిందికి వంగాలి. అడుగు భాగాన్ని గోరుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే వెనీర్ లేచిపోయినట్టే. పాలిష్ కిందవైపు మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ఇంకా అనుమానించాలి. కళింగపట్నం, బారువ లాంటి తీరప్రాంతపు ఇళ్లనుంచి వచ్చిన సెట్ అయితే ఉప్పుగాలికి చాసిస్ (లోపలి భాగాలన్నీ బిగించిన ఇనప చట్రం) ఎంత తుప్పు పట్టిందో కూడా చూసుకోవాలి.

వయసు తెలియాలంటే అమ్మేవాణ్ణి కాదు, డయల్ గాజుని అడగాలి. మన దేశం కోసం చేసిన సెట్ల మీద చాలాసార్లు స్టేషన్ల పేర్లే అచ్చై ఉంటాయి. ఢిల్లీ, మద్రాసు పక్కన లాహోర్, పెషావర్, ఢాకా కూడా ఉంటే విభజన ముందటి సెట్ అయ్యే అవకాశం ఎక్కువ. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, వివిధ్ భారతి 1957లో, విశాఖ కేంద్రం 1963లో. డయల్ మీద వివిధ్ భారతి అని ఉన్న సెట్‌ని "బ్రిటిష్ కాలంది" అంటే నవ్వి ఊరుకోవడమే. రేడియోగ్రామ్ అయితే ప్లేటు వేగాలు, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడండి. 78 ఒక్కటే ఉంటే పాతది, 45, 33 కూడా ఉంటే 1950 తర్వాతది అనుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం లోపలి వాల్వుల (బల్బుల్లా వెలిగే గాజు గొట్టాలు) మీద మొదటి అక్షరం. ఈసీహెచ్ 81, ఈఎల్ 84 అని 'ఈ'తో మొదలైతే సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్. రిపేరుకి ఇది సుఖం. యూసీహెచ్ 81, యూఎల్ 84 అని 'యూ'తో ఉంటే ఏసీ/డీసీ సెట్. ఇందులో కరెంటు తీగ నేరుగా చాసిస్‌కే కలిసి ఉంటుంది, కాబట్టి నాబ్ ఊడి ఇనప కడ్డీ బయటికొచ్చి ఉంటే పట్టుకున్నవాడికి షాకే. పిల్లలున్న ఇంటికి వద్దు. డీకే 96, డీఎల్ 96 అని 'డీ'తో ఉంటే అది కరెంటు లేని పల్లెల కోసం చేసిన బ్యాటరీ సెట్. దానికి 90 వోల్టుల బ్యాటరీ కావాలి, ఇప్పుడు అది అంగట్లో దొరకదు. చవగ్గా వస్తే అలంకారానికి తీసుకోండి.

అమెరికా కన్సోల్ కనబడితే వెనక వోల్టేజీ చదవండి. 110 అని ఉంటే వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలుపుకోవాలి. జర్మన్ సెట్లలో ఎఫ్‌ఎం ఉన్నా, పాతవాటిలో చాలావాటి డయల్ 100 మెగాహెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది, ఆ పైనున్న స్టేషన్లు రావు.

ఇక ధర. వయసుని బట్టి కాదు, ఏం పోయిందన్నదాన్ని బట్టి కట్టాలి. కండెన్సర్లు (లోపల కరెంటు నిలవచేసే చిన్న భాగాలు) మార్చడం ఎలాగూ తప్పదు, ధర కట్టేటప్పుడే ఆ ఖర్చు తీసేయండి. వాల్వు పోతే వెతికితే దొరుకుతుంది. డయల్ గాజు పగిలితే మాత్రం అలాంటిదే ఇంకోటి దొరకడం గగనం, అందుకే నేను సగానికి సగం తగ్గించి అడుగుతాను. పాడని టేబుల్ సెట్‌కి, గాజూ నాబులూ సరిగ్గా ఉంటే, మూడు నాలుగు వేలు దాటి నేనివ్వను. "పాడుతుంది" అంటే బుస్సుమనడం కాదు, స్టేషన్ వినిపించాలి. విశాఖ కేంద్రం మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్‌జ్, మీటర్ల డయల్ మీద అయితే 324 దగ్గర.

ఏళ్లతరబడి మూలపడ్డ సెట్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టనివ్వకండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో, అంటే సెట్‌కి వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా పెట్టమనండి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు పూర్తి వెలుగుతో అలాగే వెలుగుతుంటే లోపల షార్ట్ ఉన్నట్టు. అక్కడితో స్విచ్ ఆపించి, బేరం మళ్లీ మొదట్నించి మొదలుపెట్టొచ్చు.

కన్సోలే కావాలని మనసు పడితే, చాసిస్ తీసేసి బ్లూటూత్ బోర్డు బిగించిన పెట్టెకి ఫర్నిచర్ ధరే ఇవ్వండి. లోపల అన్నీ ఉండి, అడుగు పొడిగా ఉంటే టేబుల్ సెట్‌కి మూడింతలు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పలాస నుంచో సాలూరు నుంచో ట్రాలీ ఆటోలో తెచ్చుకునేటప్పుడు వాల్వులు ఊడదీసి, ఏది ఏ సాకెట్‌దో కాగితం మీద రాసి, గుడ్డలో చుట్టి చేతిలో పెట్టుకోండి. రికార్డు ప్లేయర్‌లో ముల్లున్న చేతిని తాడుతో కట్టేయండి.